వంటింటి కబుర్లు: మామ్మకీ ఒక ముక్క!

పండగంటే మీ ఇంట్లోనూ ఇంతే కదూ! వారం రోజుల ముందునుంచీ నడుం కట్టుకుని అరిసెలు, జంతికలు, పాకుండలు చేసి డబ్బాలకెత్తుతాం. "అమ్మయ్య, ఇక నెల్లాళ్ళు దిగుల్లేదు" అనుకుంటాం. తీరా పిల్లలు బస్సు దిగి, కాళ్ళయినా కడుక్కోకుండా మూతలన్నీ తీసి చూసి, "కేకు లేదా అత్తా?" అంటారు. ఒళ్ళు మండిపోతుంది. అయినా మళ్ళీ మనమే జాలిపడి బజారుకి మనిషిని పంపుతాం.

విశాఖపట్నం నుంచి శ్రీకాకుళం వెళ్ళే పెద్ద రోడ్డు మీదే ఉంది మా భోగాపురం. 2023 మే నెలలో ఇక్కడ విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగినప్పుడు మా ఊరి పేరు మీరూ పేపర్లో చూసే ఉంటారు. ఊరు ఎంత మారినా సంక్రాంతికి మా ఇల్లు మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. ఆడపడుచులు, మరుదులు, పిల్లలు... పడుకోవడానికి చాపలు చాలవు.

మా చిన్నాడపడుచు కూతురి పుట్టినరోజు ఒక ఏడాది సరిగ్గా కనుమ నాడొచ్చింది. బజారు నుంచి కేకు తెప్పించాం. అందరూ చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. మా అత్తయ్యగారు మాత్రం గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. ఆవిడ గుడ్డు ముట్టరు. "నాకొద్దులెండర్రా, మీరు తినండి" అని నవ్వుతూనే అన్నారు. ఆ చంటిది తన చేతిలో ముక్క పట్టుకెళ్ళి ఆవిడ నోటికి అందించబోయింది. ఆవిడ మొహం పక్కకి తిప్పుకున్నారు. పిల్ల చిన్నబుచ్చుకుంది. "మామ్మకి నా కేకు ఇష్టం లేదు" అని ఒకటే ఏడుపు.

ఇంట్లో పెద్దామె. అన్ని పిండివంటలూ ఆవిడ చేతిమీదే అయ్యాయి. ఆవిడ తినలేని వస్తువు నడింట్లో పెట్టి అందరం పండగ చేసుకున్నాం. అన్నాళ్ళూ అది నాకు తోచనే లేదు చూడండి! ఆ రాత్రి గిన్నెలు సర్దుతూ అనుకున్నాను, వచ్చే పుట్టినరోజుకి గుడ్డు లేని కేకు నేనే చేస్తానని.

అనుకోవడం వరకూ బాగానే ఉంది. ఇంట్లో ఓవెన్ లేదు. "ఒక్క కేకు కోసం అన్ని వేలు పొయ్యాలా?" అని మావారు ముందే తేల్చేశారు. తెలిసినావిడ ఎవరో చెబితే, రోజూ పప్పు ఉడికించే కుక్కర్లోనే ఇసక పోసి, పెద్ద మంట పెట్టి, పిండి గిన్నె దించాను. పది నిమిషాలకోసారి మూత తీసి చూశాను. గంట తర్వాత చూస్తే అడుగు బొగ్గు, నడుమ గుంట, పైన పచ్చి పిండి! అంతటితో పోలేదు. ఆ కుక్కరుకి తర్వాత ప్రెషరు నిలవలేదు. సేఫ్టీ వాల్వు మార్పించాల్సి వచ్చింది.

అత్తయ్యగారు వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు. "ఏటే అమ్మాయ్, కిందనే మంట పెట్టి మీద ఏటీ లేకపోతే రొట్టె ఎలా కాల్తాదే?" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు! మన మినపరొట్టె ఎలా కాల్చేవాళ్ళో మీకు గుర్తుందా? కుంపటి మీద మందపాటి మూకుడు పెట్టి, నూనె వేసి, పిండి దట్టంగా పోసి, పైన ఇనప మూత బోర్లించి, ఆ మూత మీద కణకణలాడే నిప్పులు పరిచేవారు. కింద సెగ, మీద సెగ. నిదానంగా కాలి, రెండు వైపులా ఎర్రటి చెక్కు కట్టి, లోపల మెత్తగా ఉండేది. ఓవెన్‌లో పైనొక కడ్డీ, కిందొక కడ్డీ ఎర్రగా కాలేదీ అందుకే. పేరు కొత్తదేగానీ ఆ పని మన ముసలమ్మలకి పాతదే.

"అది దొరల తిండి కదమ్మా" అంటారేమో. నిజమే, కేకు వాళ్ళతోనే వచ్చింది. కానీ 1883లో కేరళలోని తలశ్శేరిలో మాంబళ్ళి బాపు అనే బేకరీ ఆయన ఒక దొర తెచ్చిచ్చిన కేకుని చూసి తనే తయారు చేశాడని, దొర చెప్పిన బ్రాందీ దొరక్క జీడిమామిడి పండుతో చేసిన నాటు సరుకు కలిపాడని చెబుతారు. అంటే మొదటి రోజుల నుంచే ఇక్కడి వస్తువు అందులో పడిందన్నమాట. మరి మనకేం తక్కువ? అనకాపల్లి బెల్లం ఉంది, పలాస జీడిపప్పు ఉంది, మన చోళ్ళు ఉన్నాయి. (దక్షిణాది జిల్లాల సోదరీమణులకి: చోళ్ళంటే రాగులే!) ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది గానీ, మన వైపు చోడి అంబలి తాగి పొలానికెళ్ళిన వాళ్ళకి అది కొత్త సంగతా?

ఇక అసలు విషయానికి వద్దాం. మూడుసార్లు చెడగొట్టి, నాలుగోసారి కుదిరిన లెక్క ఇది. రాసి పెట్టుకోండి.

చోడిపిండి కేకు (గుడ్డు లేకుండా)

కావలసినవి: గోధుమ పిండి 100 గ్రాములు, చోడిపిండి 75 గ్రాములు, బెల్లం తురుము 125 గ్రాములు, కాస్త పులిసిన గట్టి పెరుగు 150 గ్రాములు, వాసన లేని నూనె లేక కరిగించిన వెన్న 75 మిల్లీలీటర్లు, నీళ్ళు 100 మిల్లీలీటర్లు, బేకింగ్ పౌడర్ 1 చెంచా, వంట సోడా అర చెంచా, యాలకుల పొడి అర చెంచా, ఉప్పు చిటికెడు, జీడిపప్పు గుప్పెడు, అవసరమైతే రెండు మూడు చెంచాల పాలు. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

చేసే విధానం: బెల్లం గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, ఇసక లేకుండా వడకట్టి, పూర్తిగా చల్లారనివ్వండి. పిండులు రెండూ, బేకింగ్ పౌడర్, సోడా, ఉప్పు, యాలకుల పొడి కలిపి రెండుసార్లు జల్లించండి. పెరుగు, నూనె, బెల్లం నీళ్ళు బాగా గిలకొట్టి, అందులో జల్లించిన పిండి వేసి, ఉండలు లేకుండా కలిసేవరకే కలపండి. పిండి గరిటె నుంచి ఇడ్లీ పిండిలా జారాలి. గట్టిగా ఉంటే పాలు చేర్చండి. నెయ్యి రాసి పొడి పిండి చల్లిన 7 అంగుళాల గిన్నెలో సగం కంటే కొంచెం ఎక్కువ వచ్చేలా పోసి, పైన జీడిపప్పు అద్ది, వెంటనే పొయ్యెక్కించండి. సోడా పెరుగుతో కలవగానే పొంగడం మొదలవుతుంది కాబట్టి, పిండి కలిపి కబుర్లలో పడ్డారంటే ఆ పొంగు కాస్తా పోతుంది. అందుకే మూకుడు ముందే వేడెక్కించి ఉంచుకోవాలి.

చోడిపిండి ఒక్కటే వేస్తే కేకు పొడిపొడిగా రాలిపోతుంది. గోధుమలో ఉండే జిగురు అందులో లేదు. గుడ్డు చేసే పనిలో కొంత ఆ జిగురు, కొంత పెరుగూ సోడా చేస్తాయి. అందుకని గోధుమ పిండి తగ్గించకండి.

పొయ్యి సంగతి: ఓవెన్ ఉన్నవాళ్ళు 180 డిగ్రీల దగ్గర పది నిమిషాలు వేడిచేసి, తర్వాత 35 నుంచి 40 నిమిషాలు ఉంచితే చాలు. లేనివాళ్ళు నా మాట విని, రోజూ వాడే కుక్కరు జోలికి పోకండి. నీళ్ళు లేకుండా కాలిస్తే దాని రబ్బరు, సేఫ్టీ వాల్వు పాడవుతాయి. మళ్ళీ అందులోనే పప్పు పెడితే ప్రమాదం. అటక మీద పడున్న మందపాటి పాత మూకుడో, డేగిసానో దించండి. అడుగున అంగుళం మందాన ఇసక పరచండి. మా ఊళ్ళో సముద్రం దగ్గరే కదా అని ఆ ఇసక తేకూడదు. అందులో ఉప్పు ఉంటుంది, పాత్రని తినేస్తుంది. ఏటి ఇసక తెచ్చి, కడిగి, ఎండబెట్టుకోవాలి. ఒకసారి తెస్తే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

ఇసక మీద చిన్న స్టాండు పెట్టి, మూతేసి, నడిమి మంట మీద పది నిమిషాలు వేడెక్కించండి. కేకు గిన్నె దించాక మంట బాగా తగ్గించి, మూత బిగువుగా పెట్టి, 35 నిమిషాల వరకూ తియ్యకండి. తీశారా, సెగ పోయి, ఇంకా గట్టిపడని నడుము కూలిపోతుంది. నా గుంట కథ అదే! చివరి పది నిమిషాలూ అత్తయ్యగారి చిట్కా: రెండో పొయ్యి మీద ఇనప పెనం బాగా కాల్చి, మూత మీద పెట్టండి. అవే మన నిప్పులు. మూతకి ప్లాస్టిక్ గుబ్బ ఉంటే కరిగిపోతుంది సుమా! దాని బదులు చదునైన ఇనప మూత వాడండి.

45 నిమిషాలకి చీపురుపుల్లలాంటి సన్నని శుభ్రమైన పుల్ల నడుమ గుచ్చి చూడండి. తడిపిండి అంటకుండా వస్తే అయినట్టే. లేకపోతే మరో పది నిమిషాలు. దింపి, పూర్తిగా చల్లారాకే కొయ్యండి. గుడ్డు లేని కేకు వేడిమీద కోస్తే ముద్దవుతుంది. పిల్లలు చుట్టూ మూగుతారు, జాగ్రత్త. పొయ్యి ఆర్పిన గంట తర్వాత కూడా ఆ ఇసక చెయ్యి కాలుస్తుంది.

మరికొన్ని జాగ్రత్తలు: బేకింగ్ పౌడర్ పాతదైపోయిందేమో చూసుకోండి. వేడి నీళ్ళలో చిటికెడు వేస్తే బుసబుస పొంగాలి. పొంగకపోతే పారేయండి. బాగా పొంగుతుందని సోడా ఎక్కువ వేస్తే సబ్బు రుచి వస్తుంది. గిన్నెలో అడుగున పాత పేపరు పరిచే అలవాటు కొందరికి ఉంది. ఆ సిరా తిండికి అంటుతుంది, మానెయ్యండి. ఇంకో మాట. 100 గ్రాముల చోళ్ళలో 300 మిల్లీగ్రాములకి పైగా కాల్షియం ఉంటుంది, మంచిదే. అలాగని బెల్లం కేకు షుగరు జబ్బుకి మందు కాదు. బెల్లమూ తీపే. ఆ జబ్బున్న పెద్దవాళ్ళకి చిన్న ముక్కతో సరిపెట్టండి.

రోజూ కేకేం చేస్తాం? అదే మూకుడు, అదే ఇసక. మామూలు రోజుల్లో బడి నుంచి వచ్చే పిల్లలకి బిస్కెట్లు చేసి పెట్టొచ్చు. నెయ్యి 80 గ్రాములు, పంచదార పొడి 75 గ్రాములు తెల్లగా నురగలా అయ్యేవరకూ చేత్తో రుద్ది, గోధుమ పిండి 100 గ్రాములు, చోడిపిండి 50 గ్రాములు, చిటికెడు సోడా, యాలకుల పొడి కలిపి చిన్న ఉండలు చెయ్యండి. కొంచెం అదిమి, పళ్ళెంలో ఎడంగా పేర్చి, వేడెక్కిన మూకుట్లో సన్నని సెగ మీద 20, 25 నిమిషాలు ఉంచండి. వేడిగా ఉన్నప్పుడు మెత్తగానే ఉంటాయి. కంగారుపడి ఇంకా కాల్చకండి. చల్లారితే అవే గుల్లబారతాయి. కేకు మిగిలితే రెండో రోజు సన్నగా కోసి, పెనం మీద సన్నసెగన రెండువైపులా ఎండేలా కాల్చండి. టీలోకి రస్కులు సిద్ధం!

ఇక మా ఇంటి సంగతి చెప్పలేదు కదూ. మర్నాటి ఏడాది పుట్టినరోజుకి ఈ చోడి కేకే చేశాం. పైన క్రీము లేదు, గులాబీ పువ్వు లేదు. నల్లగా, బెల్లం దిమ్మలా ఉంది. పిల్లలు మొదట మొహాలు చూసుకున్నారు. చంటిది మాత్రం పోయినేడు సంగతి మర్చిపోలేదు. మొదటి ముక్క తిన్నగా గుమ్మం దగ్గరకే పట్టుకెళ్ళింది. "ఇందులో గుడ్డు లేదు మామ్మా, అత్త ఒట్టేసింది" అంది. అత్తయ్యగారు ఒకసారి నాకేసి చూసి, నోరు తెరిచారు. నమిలి, ఆలోచించి, "అరిసంత కాదుగానీ... బాగానే కాల్చావే" అన్నారు. ఇరవై ఏళ్ళ కాపురంలో నా వంటకి ఆవిడిచ్చిన పెద్ద బిరుదు అదే!

పొరుగువాళ్ళు ఏటా క్రిస్మస్‌కి కేకు పంపేవారు. అత్తయ్యగారు అందుకుని, పిల్లలకి పంచి, ఖాళీ పళ్ళెంలో అరిసెలు పెట్టి పంపేవారు. ఇప్పుడు ఆ పళ్ళెంలో అరిసెల పక్కన చోడి కేకు ముక్కలు కూడా వెళుతున్నాయి. మూత మీద పెనం ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు తియ్యాలో చెప్పే బాధ్యత మాత్రం ఆవిడదే. నేను గడియారం చూస్తాను, ఆవిడ వాసన చూస్తారు. ఇద్దరిలో తప్పేది నా గడియారమే.

మీ ఇంట్లో కూడా పండగనాడు "నాకొద్దులెండి" అని పక్కకి జరిగి కూర్చునే వాళ్ళెవరైనా ఉన్నారేమో ఒక్కసారి చూడండి. అత్తగారో, ఉపవాసం ఉన్న తోటికోడలో, షుగరున్న మావగారో... వాళ్ళ వంతు కూడా లెక్కేసుకుని పొయ్యి వెలిగించండి. అటక మీది మూకుడు ఈ ఆదివారమే దించుతారు కదూ? వచ్చే వారం మరో కబురుతో కలుద్దాం. అంతవరకూ సెలవు.