రక్తపరీక్షలో ఆయుష్షు ఉంటుందా?

ఇటీవల గుణదలలో అస్ర్ నమాజు అనంతరం ఒక సోదరుడు చేతిలో రక్తపరీక్ష కాగితంతో నా వద్దకు వచ్చారు. ఆయన భార్యకు రొమ్ము క్యాన్సర్, ఎముకలకు వ్యాపించింది. బంధువొకరు ఆ కాగితంలోని రెండు అంకెలను భాగించి, "ఆరు వచ్చింది, ఇక ఎక్కువ కాలం లేదు" అన్నారట.

"మౌలానా! మరణ ఘడియ అల్లాహ్‌కు మాత్రమే తెలుసు కదా. ఈ లెక్కను నమ్మితే జాతకాన్ని నమ్మినట్లే కాదా?"

కాదు. జాతకం ఆధారం లేని ఊహ. ఇది ఎందరో రోగులను పరిశీలించి గ్రహించిన సూచన. కొద్ది వందల రూపాయలకే జరిగే సీబీసీ పరీక్షను కీమోథెరపీకి ముందు ఎలాగూ చేయిస్తారు. అందులో న్యూట్రోఫిల్స్, లింఫోసైట్స్ అనే తెల్ల రక్తకణాల శాతాలు ఉంటాయి. అవి 60, 30 అయితే నిష్పత్తి 2. 78, 13 అయితే 6. ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో ఈ నిష్పత్తి అధికంగా ఉన్నవారు సగటున తక్కువ కాలం జీవించినట్లు అనేక పరిశోధనలలో తేలింది. ఆల్బుమిన్ తగ్గడం, ఎల్‌డీహెచ్ పెరగడం కూడా ఇటువంటి సూచనలే.

"సగటున" అన్న మాటను మాత్రం ఆ బంధువు వదిలేశారు. జ్వరం వచ్చినా, స్టెరాయిడ్ మాత్రలు వాడినా ఈ అంకె పెరుగుతుంది. ఇంత దాటితే ప్రమాదమనే ఒకే హద్దు వైద్యులలో స్థిరపడలేదు. ఏ మందు ఇవ్వాలో ప్రధానంగా నిర్ణయించేవి హార్మోన్, హెర్2 పరీక్షలు. ఈ నిష్పత్తి కాదు. దీన్ని చూసి చికిత్స మానడం తగదు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్త (స) ఆదేశమే.

"ఆమెకు మాత్రం ఏమీ చెప్పను" అన్నారాయన. ఇక్కడ నేను అంగీకరించలేకపోయాను. వీడ్కోలు హజ్ సంవత్సరంలో హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మక్కాలో తీవ్రంగా జబ్బుపడ్డారు. మరణం సమీపించిందని తలచి, తన ఆస్తిలో ఎంత దానం చేయవచ్చో దైవప్రవక్త (స)ను అడిగారు. మూడింట రెండు వంతులు వద్దన్నారు, సగం వద్దన్నారు. మూడో వంతుకు అనుమతిస్తూ, అదీ ఎక్కువేనన్నారు. ఆ రోగి కోలుకొని, తరువాత ఖాదిసియా యుద్ధంలో సేనాధిపతి అయ్యారు. అంతమాత్రాన ఆయన వీలునామా గురించి అడగడం తొందరపాటు కాలేదు. ఆ సోదరి కూడా అలా అడగదలిస్తే? అప్పులు, అమానతులు ఆమెకూ ఉంటాయి కదా!

ఆయన చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. ఆమె మహర్ ఇంకా చెల్లించలేదని మెల్లగా చెప్పారు. పరీక్ష నాటికి ఆమెకు నాలుగు రోజులుగా జ్వరమన్న సంగతీ అప్పుడే బయటపడింది. దాన్ని వైద్యునికి తప్పక చెప్పమని ఆ కాగితం వెనుక రాసి ఇచ్చాను. ఈసారి ఆమెనూ వైద్యుని గదిలోకి వెంట తీసుకెళతానన్నారు.