పురుగుమందుకున్న పాటి కాగితం

పేషెంటు ప్రశ్న అడిగితే నవ్వే డాక్టరును చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. పోయిన వారం మా పిన్నికి గుంటూరులో పిత్తాశయం తీసేశారు. లాప్రోస్కోపీ ఆపరేషనే, మర్నాటికి ఇడ్లీ కూడా తింది. ఇంటికి పంపేటప్పుడు సర్జన్ గారిని ఒకే ఒక్క మాట అడిగింది: "రెండేళ్లుగా నిద్రమాత్ర వేసుకుంటున్నానండీ. ఈ రాళ్లు దానివల్ల గానీ వచ్చాయంటారా?" ఆయన నవ్వారు. ఆయన నవ్వారు గనక వెనకున్న జూనియర్లూ నవ్వారు. "యూట్యూబ్ చూడ్డం తగ్గించండమ్మా" అంటూ పక్క మంచం దగ్గరికి వెళ్లిపోయారు. మా చేతికిచ్చిన చీటీలో గ్యాస్ మాత్ర, నొప్పి మాత్ర, వాటి కింద మళ్లీ అదే నిద్రమాత్ర.

పిన్ని యూట్యూబ్ చూడదు, సీరియళ్లు చూస్తుంది. ప్రశ్న ఆమె సొంతం.

అదేమంత వెర్రి ప్రశ్నా కాదు. ఆమె వేసుకునేది ఎస్‌జోపిక్లోన్. 2004లో అమెరికాలో అనుమతి పొందిన మందు. అక్కడ దాంతో వచ్చే సమాచార పత్రంలో, ట్రయల్స్‌లో కనబడిన ఇబ్బందుల మధ్య, పిత్తాశయంలో రాళ్లు అన్న మాట కంపెనీ వాళ్లే అచ్చువేశారు. నూటికి ఒకరికన్నా తక్కువమందిలో, వెయ్యికి ఒకరికి తగ్గకుండా కనబడిన వాటి కింద. జాబితాలో ఉన్నంతమాత్రాన మాత్రే రాళ్లు తెచ్చిందని కాదు. ట్రయల్ నడిచే రోజుల్లో ఎవరికి ఏమొచ్చినా రాసిపెట్టాల్సిందే. పైగా రాళ్లు మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ, వయసూ లావూ షుగరూ తోడైతే ఇంకా ఎక్కువ. కాబట్టి "బహుశా కాదమ్మా" అంటే సరిపోయేది. ఆ రెండు మాటలకు ఎంతసేపు పడుతుంది?

నా అనుమానం అసలు తిరగేసి ఉంది. రాళ్ల నొప్పి రాత్రిళ్లే ఎక్కువగా లేపుతుంది. పెళ్లి భోజనం చేసొచ్చి పడుకుంటే నడిరాత్రి కుడిపక్క డొక్క కింద పట్టేస్తుంది, భుజం దాకా లాగుతుంది. గ్యాస్ అనుకుని సోడా తాగుతాం. పొద్దున డాక్టరుతో "నిద్ర పట్టడం లేదండీ" అంటాం. నొప్పి ముందా, మాత్ర ముందా అని ఎవరైనా పిన్నిని అడిగారా? స్కానింగు కన్నా ముందు నిద్రమాత్రే రాసేశారు.

నిజంగా ఆ మాత్ర చేసే పనులు ఎవరూ చెప్పలేదు. రెండేళ్లుగా పిన్నికి పొద్దున్నే నోరు చేదు. కాఫీ గొంతు దిగదు. ఇంటిల్లిపాదీ పైత్యం అని తేల్చేశాం. జీలకర్ర నీళ్లన్నాం, ఉసిరికాయన్నాం, అత్తయ్యొకావిడ పరగడుపున వేపచిగురు కూడా నమిలించింది, చేదు మీద చేదు. ట్రయల్స్‌లో 2 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో నూటికి 17 మంది, 3 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో 34 మంది నోట్లో పాడు రుచి అన్నారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్లలో ముగ్గురే. 3 మిల్లీగ్రాముల మత్తు మర్నాడు బండి నడిపే తీరును పదకొండు గంటల తర్వాత కూడా చెడగొట్టవచ్చని తేలాక 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మొదలుపెట్టే మోతాదును 1 మిల్లీగ్రాముకు తగ్గించింది. పిన్నికి మొదటి రోజునుంచే 2.

ఇదంతా కాగితం మీద ఉంది. ఆ కాగితం మన చేతికి రాదు, అదీ నా బాధ. మెడికల్ షాపులో పెట్టె విప్పుతారు, స్ట్రిప్ లాగుతారు, కత్తెరతో పది మాత్రల్లో ఆరు కత్తిరించి ఇస్తారు. ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస వాళ్ల డబ్బాలోనే ఉండిపోతుంది. లోపలి కాగితం చెత్తబుట్టలో. ఒకవేళ అడిగి తెచ్చుకున్నా, చీమతలకాయంత ఇంగ్లీషులో రిజిస్టర్డ్ డాక్టర్ల ఉపయోగం కోసం మాత్రమే అని ఉంటుంది. మింగేది మనం, చదివేది వాళ్లు.

అదే పొలంలో కొట్టే పురుగుమందు డబ్బా విప్పి చూడండి. మడతలు మడతలుగా కాగితం, అందులో తెలుగు. ఏ పంటకు, ఎంత నీళ్లలో, మింగితే ఏమవుతుంది, విరుగుడేమిటి, అన్నీ. అలా ఇవ్వాలని చట్టమే ఉంది. వరి మీది పురుగుకున్న గౌరవం మా పిన్నికి లేదు. యూరప్‌లో ప్రతి మందుతోనూ ఆ దేశపు భాషలో రోగికి కాగితం ఇవ్వాల్సిందే. ఇంకో చోద్యం. మందువల్ల ఇబ్బంది వస్తే 1800-180-3024కు ఎవరైనా ఫోన్ చేయవచ్చు, దానికి తెలుగులో ఫారం కూడా ఉంది. ఫిర్యాదు తెలుగులో రాయొచ్చు, దేనిమీద ఫిర్యాదు చేయాలో మాత్రం ఇంగ్లీషులో తెలుసుకోవాలి.

పిన్ని అడిగినలాంటి ప్రశ్నలు ఇకముందు ఇంకా పెరుగుతాయి కూడా. గురకతో ఊపిరి ఆగిపోయే జబ్బుకు, ఊబకాయం ఉన్నవాళ్ల కోసం 2024 డిసెంబరులో అమెరికా అనుమతించిన టిర్జెపటైడ్ ఇంజెక్షన్ మీద పిత్తాశయం గురించి హెచ్చరికే ఉంది. అది మన ఊళ్లకూ 2025లో వచ్చేసింది. అప్పుడు కూడా నవ్వుతారా?

నిద్రమాత్రల అమ్మకం మీద చట్టం లేదని కాదు. ఆల్‌ప్రాజోలం, జోల్పిడెం లాంటివి షెడ్యూల్ హెచ్1 కింద 2014 నుంచి ఉన్నాయి. షాపువాళ్లు చీటీ చూడాలి, రిజిస్టరులో పేరు రాయాలి, మూడేళ్లు దాచాలి. ఆ ఆల్‌ప్రాజోలమే 2025 జులైలో కూకట్‌పల్లి కల్తీ కల్లులో తేలింది. ప్రాణాలు పోయాయి. 2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు చేస్తే, మత్తు అందక మతి తప్పినవాళ్లతో ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి నిండిపోయింది. కల్లు సీసాకు చీటీ ఎవరడుగుతారు?

సరే, పిన్నికి నిద్ర ఎందుకు పోయిందని కూడా ఎవరూ అడగలేదు. నొప్పి కొంత అయితే, వీధి వెనక వెలిసిన ఫంక్షన్ హాలు మిగతా అంతా. బరాత్ బయల్దేరితే డీజే బాక్సుల దెబ్బకు షోకేసులో గాజుబొమ్మలు ముందుకు జరుగుతాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగకూడదు. ఇళ్ల మధ్య రాత్రిపూట 45 డెసిబెల్స్ దాటకూడదు. ఇద్దరు మామూలుగా మాట్లాడుకున్నా దాటిపోయే లెక్క అది. మంత్రిగారి మేనల్లుడి పెళ్లయినా, మన పక్కింటివాళ్ల పెళ్లయినా దీన్ని పట్టించుకున్నవాళ్లను నేను చూడలేదు. నిద్రమాత్ర పిన్నికి కాదు, ఆ ఆంప్లిఫయరుకు వేయాలి. ఓ రాత్రి పన్నెండు దాటాక పోలీసులకు ఫోన్ చేశాను. "పెళ్లి కదా సార్, జీవితంలో ఒక్కసారి" అన్నారు అటునుంచి. పెళ్లికొడుక్కి ఒక్కసారే. పిన్నికి ముహూర్తాల సీజనులో వారానికి నాలుగు.