ఆకాశం చూడనిదే రాకెట్టు కథలా?



పోయిన నెల మన గోడపత్రికలో అంతరిక్షం కథలు మూడు వచ్చాయి. మూడూ రెండేసిసార్లు చదివాను. రాసినవాళ్ళు నా స్నేహితులే, కోపం తెచ్చుకోవద్దు. ఒక కథలో అమావాస్య అర్ధరాత్రి నిండు చంద్రుడు నడినెత్తిన ఉన్నాడు. ఇంకోదాంట్లో చంద్రుడి మీద రాక్షసుడు అరిస్తే భూమి దాకా వినపడింది. మూడో కథలో పాప పొద్దున టిఫిను తిని రాకెట్టెక్కి, ఒక చుక్క మీదికి పోయి, రాత్రి అన్నం గంట కొట్టే వేళకి హాస్టలుకి వచ్చేసింది. ఇదేమిటే అని అడిగితే "కథే గదా, ఏం రాస్తే ఏం" అన్నారు. నేను దానికి ఒప్పుకోను.

మా ఇంట్లో బడికి వచ్చినదాన్ని నేనే మొదటిదాన్ని. మా అవ్వకి అక్షరం రాదు. కానీ ఆ అమావాస్య కథ అవ్వకి చదివి వినిపిస్తే మొదటి వాక్యానికే లేచిపోతుంది. పున్నమి చంద్రుడు పొద్దు గుంకేటప్పుడు తూర్పున లేస్తాడని, నెలవంక సాయంత్రం పడమటి కొండ మీద కాసేపు ఉండి దిగిపోతుందని ఆమెకు తెలుసు. తెల్లారుజామున పిల్లలకోడి తూర్పున కనపడితే ఇక వానలు దగ్గరికొచ్చాయి, విత్తనాలు చూసుకోండి అంటుంది. చదువు రాని మనిషి పట్టుకునే తప్పు చదువుకున్న మనం రాయవచ్చా?

మిగతా రెండు తప్పులకీ మందు మన తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది. ధ్వని పాఠం మార్కుల కోసం బట్టీ పట్టాం. శబ్దం పోవాలంటే గాలో, నీళ్ళో, ఇనుమో ఏదో ఒకటి మధ్యలో ఉండాలి. చంద్రుడి మీద గాలి లేదు. అక్కడ రాక్షసుడు నోరు తెరిచి అరుస్తుంటే పక్కనున్న పాపకి ఏమీ వినపడదు. నాకైతే అదే ఎక్కువ భయం. గురుత్వాకర్షణ పాఠం చూడండి. మన స్టోర్ రూములో 50 కిలోల బియ్యం బస్తా అక్కడ ఎనిమిది కిలోలంతే అనిపిస్తుంది, వంటమనిషి ఒంటిచేత్తో ఎత్తేస్తుంది. కానీ ఎత్తి విసిరితే, ఎదురుగా ఉన్నవాళ్ళకి తగిలే దెబ్బ మాత్రం 50 కిలోల బస్తాదే. ఎందుకో సైన్సు మేడమ్‌ని అడగండి, నేను రెండుసార్లు అడిగితే గాని అర్థం కాలేదు.

ఇక దూరం. చంద్రుడు సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. 1969లో అమెరికావాళ్ళు నాలుగు రోజుల్లో అక్కడ దిగారు. మన చంద్రయాన్-3 శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయలుదేరి ఆగస్టు 23న దిగింది, అంటే నలభై రోజులు. ఇంధనం తక్కువ వాడాలని భూమి చుట్టూ ఒక్కో చుట్టూ పెద్దది చేసుకుంటూ పోయారు. చుక్కల సంగతి వేరు. సూర్యుణ్ణి వదిలితే అన్నిటికన్నా దగ్గరి చుక్క నుంచి వెలుగు రావడానికే నాలుగేళ్ళ పైన పడుతుంది. 1977లో పంపిన వాయేజర్-1 సెకనుకి 17 కిలోమీటర్లు పోతోంది. ఆ వేగంతో అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్ళు దాటుతుంది! టిఫిను తిని బయలుదేరిన పాప చేరదు. చేరేది ఆమె మనవరాళ్ళకి మనవరాళ్ళు, వేల తరాల తరవాతివాళ్ళు. వాళ్ళు ఏ భాష మాట్లాడతారు? కొండ అంటే ఏమిటో వాళ్ళకి ఎవరు చెబుతారు? నిజం లెక్క వేసినందుకే ఈ కథ దొరికింది. అన్నం వేళకి తిరిగొచ్చి ఉంటే దొరికేది కాదు. (రాకెట్టుకి మన ఇంటి భాషలో మాట లేదే అని ఒకమ్మాయి అంది. తెలుగులో మాత్రం ఉందా? రాకెట్టు అనే గదా అంటున్నారు.)

ఇది నేను కొత్తగా చెబుతున్నది కాదు. గ్రహాలు ఎట్లా తిరుగుతాయో లెక్క కట్టిన కెప్లర్ చంద్రుడి మీదికి పోయే కథ ఒకటి రాశాడు. పేరు 'సోమ్నియం', అంటే కల. ఆయన పోయాక 1634లో అచ్చయింది. చంద్రుడి మీద నిలబడి చూస్తే భూమి లేవదు, గుంకదు, ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు ఉంటుందని అందులో రాశాడు. పగలు మన రెండు వారాలు, రాత్రి రెండు వారాలు అనీ రాశాడు. రెండూ నిజమే. చంద్రయాన్-3 దించిన విక్రమ్, ప్రజ్ఞాన్ ఆ రెండు వారాల పగటిపూట పనిచేసి, రాత్రి రాబోయే ముందు నిద్రపోయి మళ్ళీ లేవలేదు. కెప్లర్ కథలో హీరో తల్లి ఆకులు, వేర్లు అమ్ముకునే మనిషి, ఆత్మలతో మాట్లాడుతుంది. కెప్లర్ సొంత తల్లి కూడా ఆకు మందులు ఇచ్చేది. ఆమెను మంత్రగత్తె అని కేసు పెట్టి పద్నాలుగు నెలలు జైల్లో ఉంచారు. కొడుకు వాదించి 1621లో విడిపించుకున్నాడు. చేతిరాతతో తిరిగిన తన కథ కూడా అందుకు ఒక కారణమని ఆయన అనుకున్నాడు. చిల్లంగి పేరు చెప్పి మందులిచ్చే ముసలివాళ్ళని ఏం చేస్తారో మన ఊళ్ళలో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇది చదివిన రోజు నాకు అన్నం సరిగా దిగలేదు.

మన దేశంలో నార్లీకర్ గారు ఉండేవారు, 2025లో చనిపోయారు. అంత పెద్ద శాస్త్రజ్ఞుడై ఉండీ 1974లో మరాఠీ కథల పోటీకి వేరే పేరుతో కథ పంపి బహుమతి తెచ్చుకున్నారు. ఆ కథ కృష్ణబిలం గురించి. ఇంగ్లీషులో రాయగలిగిన మనిషి తన ఇంటి భాషలో రాశారు.

కిందటేడు మన వార్షికోత్సవానికి వచ్చిన ఒక పెద్దాయన, నేను రాకెట్టు కథ రాస్తానంటే నవ్వి, "మీరు మీ థింసా మీద, మీ పండుగల మీద రాయండమ్మా, రాకెట్లు మీకెందుకు" అన్నారు. మంచి మనసుతోనే అన్నారు గాని నాకు నచ్చలేదు. థింసా మీద రాస్తాను, అది నాదే. ఆకాశం ఆయనది ఎప్పుడయింది? పట్నంలో లైట్ల వెలుగుకి పాలపుంత కనపడదట. మన కొండల మీద కరెంటు పోయిన రాత్రి చుక్కలు ఎట్లా ఉంటాయో మీకు తెలుసు. పట్నం బడిలో దుర్భిణి ఉంటుందేమో, మనకు చీకటి ఉంది.

అయితే ఆ చీకటి మనం చూడటం లేదు. తొమ్మిదింటికి తలుపులు వేస్తారు, కిటికీలోంచి నీళ్ళ ట్యాంకు కనపడుతుంది. వార్డెన్ మేడమ్ గారి భయం నాకు అర్థమవుతుంది. పాములున్నాయి, మేమంతా ఆడపిల్లలం, రేపు ఏదైనా జరిగితే అమ్మానాన్నలకి జవాబు చెప్పాల్సింది ఆమెనే. అందుకే నెలకి ఒక్కసారి, అమావాస్య దగ్గరి శనివారం అడుగుతున్నాను. గడ్డి కోసిన గ్రౌండు మధ్యలోనే కూర్చుంటాం. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు తలలు లెక్కపెట్టండి. ఆయమ్మ మాతో ఉంటుంది, ఆమె ఒప్పుకుంది కూడా. టార్చికి ఎర్ర కాగితం కడితే చాలు. కళ్ళు చీకటికి అలవాటు పడటానికే ఇరవై నిమిషాలు పడుతుంది కాబట్టి అరగంట చాలదు మేడమ్, గంట ఇవ్వండి. బీరువాలో సైన్సు పుస్తకాలు ఉన్నాయి, దాని తాళం కూడా ఆదివారం పూట ఇప్పిస్తే బాగుంటుంది.

ఈ కాగితం పక్కన దారంతో పెన్సిలు కట్టాను. రావాలనుకునేవాళ్ళు పేరు, రోల్ నంబరు రాయండి. పెన్సిలు ఎవరూ పట్టుకుపోవద్దు. దుప్పటి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, నాది ఇద్దరికే సరిపోతుంది.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని