సంతకం పెట్టి సరిపెట్టుకున్నాం

ఎయిరిండియాను ముంచిందెవరని అడిగితే మన దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. మంత్రులు, ఐఏఎస్ అధికారులు, యూనియన్లు. మాట్లాడేవాళ్ల రాజకీయాన్నిబట్టి ఈ వరస మారుతుందంతే. ఆ జాబితాలో మన పేరు మాత్రం ఎన్నడూ కనబడదు. టాటాల చేతికి వెళ్లిన 2022 జనవరి 27 దాకా ఆ సంస్థ మనది, అంటే పన్ను కట్టేవాళ్లది. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌తో విలీనమయ్యాక దాదాపు పదిహేనేళ్లపాటు దానికి యజమానులుగా మనం ఏం చేశామన్నది ఎవరూ అడగలేదు. పత్రికలవాళ్లం మేమైనా అడగాల్సింది. అడగలేదు. అడగకపోవడం మాకూ సుఖంగానే ఉండింది.

2007 మార్చి 1న కేంద్ర మంత్రివర్గం ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నూ ఎయిరిండియానూ కలపడానికి సరేనంది. అప్పటి విమానయాన మంత్రి ప్రఫుల్ పటేల్. ఆ నెలాఖరుకే నేషనల్ ఏవియేషన్ కంపెనీ ఆఫ్ ఇండియా అనే కొత్త కంపెనీని రిజిస్టర్ చేశారు. ఆగస్టు 27కల్లా విలీనం అమల్లోకి వచ్చేసింది. పట్టుమని ఆరు నెలలు పట్టలేదు. ఏటా వందల కోట్లు ఆదా అవుతాయని పైనుంచి మాట వచ్చింది, మేం అచ్చేశాం. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు. ఆదా ఎక్కడినుంచి వస్తుంది, ఏ ఖర్చు తగ్గుతుంది, ఎవరు లెక్కగట్టారు? ఈ ప్రశ్నలకు చోటు లేదు గానీ కొత్త లోగోకు బోలెడంత చోటు దొరికింది. ఎగిరే హంస, దాని ఒంట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వాడిన కోణార్క్ చక్రం. రెండూ భలే కుదిరాయని మురిసిపోయాం. నిజానికి ఆ రెండు సంస్థల మధ్య చాలాకాలం కుదిరింది ఆ బొమ్మ ఒక్కటే.

అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. విలీనానికి కొద్దికాలం ముందే ఎయిరిండియా 68 బోయింగులకు, ఇండియన్ ఎయిర్‌లైన్స్ 43 ఎయిర్‌బస్సులకు విడివిడిగా ఆర్డర్లు పెట్టుకున్నాయి. మొత్తం 111 విమానాలు, చాలావరకు అప్పు మీదే. ముందు కలిసి, ఆ తర్వాత ఏ విమానం కావాలో తేల్చుకోవడం లోకరీతి. ఇక్కడ కొన్నాక కలిపారు. ఈ వెనకాముందుల్ని కాగ్ 2011లో తప్పుపట్టింది. ఆర్డర్లు పెట్టిన రోజుల్లో మనకు అది దేశం ఎదుగుతోందన్న వార్త.

అసలు రెండు విమాన సంస్థల్ని కలపడమంటే ఏమిటో మేం తెలుసుకోలేదు, మీకు చెప్పలేదు. కాక్‌పిట్‌లోకి తొంగిచూస్తే కొంత అర్థమవుతుంది. విమానం రన్‌వే మీంచి లేచి ఎక్కుతోందని మీటర్లు చూస్తున్న పైలట్ ‘పాజిటివ్ రేట్’ అంటారు. నడుపుతున్న పైలట్ ‘గేర్ అప్’ అంటారు. అప్పుడు మొదటి పైలట్ మీట ఎత్తితే చక్రాలు లోపలికి వెళ్తాయి. ఈ ఇద్దరూ ఆ ఉదయమే మొదటిసారి కలుసుకుని ఉండొచ్చు. అయినా ఇబ్బంది లేదు, ఎవరు ఏ మాట అనాలో, ఏ మీట మీద ఎవరి చెయ్యి ఉండాలో ఇద్దరూ ఒకే పుస్తకంలో చదివారు గనక. రెండు కంపెనీలంటే రెండు పుస్తకాలు. కలపడమంటే వాటిని పక్కపక్కన పెట్టుకుని ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ప్రతి వాక్యం దగ్గరా తేల్చుకుని, డీజీసీఏ చేత ఔననిపించుకుని, అందరికీ మళ్లీ నేర్పడం. ఇది కాక్‌పిట్ మాట. హ్యాంగర్‌లో ఇంజినీర్ల లైసెన్సులు, స్టోర్‌లో విడిభాగాల నంబర్లు, డ్యూటీ చార్టులు, బరువు లెక్కల కాగితం, రిజర్వేషన్ కంప్యూటర్ అన్నీ ఇలాగే రెండేసి.

పైగా ఈ రెండింటికీ పొత్తు తక్కువ. ఒకదానివి ఎక్కువగా బోయింగులు, ఎదురుగా చక్రంలాంటి యోక్ పట్టుకుని నడిపేవి. రెండోదానివి ఎయిర్‌బస్సులు, పక్కనున్న చిన్న స్టిక్‌తో నడిచేవి. ఒకరి ప్రధాన కార్యాలయం ముంబయి నారిమన్ పాయింట్‌లో, ఇంకొకరిది ఢిల్లీలో. ఎయిర్‌బస్ పైలట్లకు శిక్షణ మన హైదరాబాద్‌లోని సెంట్రల్ ట్రైనింగ్ ఎస్టాబ్లిష్‌మెంట్‌లో జరిగేది. విలీనంలో సగం అక్కడే, మన ఊళ్లోనే, తరగతి గదుల్లో తేలాల్సి ఉంది. గేటు దగ్గరికెళ్లి ‘ఎంతవరకు వచ్చిందండీ’ అని అడిగినవాళ్లు మాలో ఎవరూ లేరు. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన సందడిలో ఉన్నాం. అద్దాల గోడలు రాశాం, బేగంపేట జ్ఞాపకాలు రాశాం.

సీనియారిటీ జాబితా సంగతి ఇంకా చిక్కుది. ఒకే ఏడాది ఉద్యోగంలో చేరిన ఇద్దరు పైలట్లను తీసుకోండి. ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో చిన్న విమానాలు, దగ్గరి ప్రయాణాలు. అక్కడ చేరినవారు తొందరగా కమాండరై భుజాన నాలుగు పట్టీలు వేసుకుంటారు. ఎయిరిండియాలో పెద్ద విమానాలు, దూరప్రయాణాలు. అక్కడ చేరినవారు అదే సమయానికి ఇంకా మూడు పట్టీలతో కో పైలట్‌గానే ఉంటారు. ఇప్పుడు ఇద్దర్నీ ఒకే జాబితాలో ఎక్కించాలి. ఉద్యోగంలో చేరిన తేదీనిబట్టా? కమాండరైన తేదీనిబట్టా? ఎలా రాసినా ఒకరు రెండోవారి వెనక నిలబడాల్సిందే, అదీ సర్వీసంతా. ఏ విమానం ఇస్తారు, ఏ ఊళ్లో ఉంచుతారు, పదోన్నతి ఎప్పుడు, సెలవుకు ఎవరి మాట ముందు చెల్లుతుంది, అన్నిటికీ ఆ జాబితాయే ఆధారం. ఇలాంటిది సంతకాలకు ముందే కూర్చుని తెగ్గొట్టాలి. దీన్ని తేల్చే జస్టిస్ ధర్మాధికారి కమిటీని 2011లో వేశారు. నివేదిక 2012 జనవరిలో అందింది. ఈ లోపల ముప్పై వేల పైచిలుకు మంది సిబ్బంది ఒకే చూరు కింద రెండు పొయ్యిలు పెట్టుకుని బతికారు. ‘ఐసీ వాళ్లు’, ‘ఏఐ వాళ్లు’ అనే పిలుపు పోలేదు. పోదు కూడా, టికెట్ల మీద ఇండియన్ ఎయిర్‌లైన్స్ కోడైన ఐసీయే 2011 ఫిబ్రవరి దాకా కొనసాగింది మరి.

ఆ ఏడాది ఏప్రిల్ చివర్లో ఐసీ పైలట్ల సంఘం, ఇండియన్ కమర్షియల్ పైలట్స్ అసోసియేషన్, సమ్మెకు దిగింది. పది రోజులు. కంపెనీ ఒకటే అయినప్పుడు జీతాల పద్ధతి రెండెందుకన్నది వాళ్ల ప్రధాన ప్రశ్న. మనం ఏమన్నాం? లక్షలు తీసుకునేవాళ్లకు సమ్మెలేమిటని ఈసడించాం. మేం శీర్షికల్లో అన్నాం, మీరు టీకొట్ల దగ్గర అన్నారు. మరుసటి ఏడాది మేలో అవతలి పక్షం, ఇండియన్ పైలట్స్ గిల్డ్, విధులు మానేసింది. రాబోతున్న డ్రీమ్‌లైనర్ల మీద ఐసీ పైలట్లకూ శిక్షణ ఇస్తామనడం వాళ్ల అభ్యంతరం. మా కంపెనీ కొన్న విమానాలు, వాటి కోసం ఏళ్లుగా ఎదురుచూసినవాళ్లం మేం అని వాదించారు. ఆ సమ్మె 58 రోజులు నడిచింది, సుమారు వంద మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు, చివరికి ఢిల్లీ హైకోర్టులో తెగింది. రెండు సమ్మెల్లోనూ అడిగినవి విలీనం నాడే జవాబు రాసిపెట్టాల్సిన ప్రశ్నలు.

అలాగని యూనియన్లను వెనకేసుకు రావడం లేదు. అవతలివాళ్లకు దక్కకపోతే చాలు అన్న ధోరణి రెండు వైపులా కనబడింది. ఎవరికి వారే యమునా తీరే. కాకపోతే ఆ తీరాన మనమూ ఉన్నాం. మన ఊరికి ఒక విమానం వేయించమని ఎంపీల చుట్టూ తిరిగాం, వేయిస్తే దండలు వేశాం, అది ఖాళీగా ఎగిరితే కిక్కురుమనలేదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లే మనవాళ్లు ముంబయిలో దిగి, శాంతాక్రజ్ దేశీయ టెర్మినల్ నుంచి సహార్ అంతర్జాతీయ టెర్మినల్‌కు సామాన్లతో మారి, ఒకే కంపెనీ అయితే ఈ పాట్లేమిటని విసుక్కున్నారు. తర్వాతిసారి గల్ఫ్ విమానం ఎక్కారు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ యజమాని తన దుకాణం ఎందుకిలా ఉందని అడగకుండా పక్క దుకాణానికి వెళ్లడం కూడా ఆ కథలో భాగమే.

కలపడం మనకు కొత్త అనుకోవడానికీ లేదు. 1953లో ఎనిమిది ప్రైవేటు సంస్థల్ని కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను తయారుచేసింది మన ప్రభుత్వమే. వాటిలో ఒకటి మన బేగంపేట కేంద్రంగా, నిజాం సర్కారు వాటాతో నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్. అప్పుడు అంతా సాఫీగా సాగిందని చెప్పను. కానీ అందరి దగ్గరా ఎక్కువగా ఉన్నవి డకోటాలే. ఒకరి మెకానిక్ ఇంకొకరి ఇంజిన్ విప్పగలిగేవాడు. 2007లో ఆ వెసులుబాటు లేదు గనక పని పదింతలు పెరుగుతుందని ఎవరైనా పోల్చి చెప్పాల్సింది. డెక్కన్ ఎయిర్‌వేస్ గురించి మనం అప్పుడప్పుడూ రాసుకుంటూనే ఉంటాం, నిజాం కాలపు వైభవమని. దాన్ని ఇంకో సంస్థలో కలిపిన తీరు మీద మాత్రం ఒక్క పేరా ఉండదు.

డబ్బు సంగతి చూస్తే, విమాన సంస్థల కూటమి స్టార్ అలయన్స్‌లో చేరితే రాబడి పెరుగుతుందన్నారు. 2007లో పిలుపొచ్చింది. షరతులు నెరవేరలేదని 2011లో వాళ్లు పక్కన పెట్టారు. చేరిక 2014 జూలైకి గానీ కాలేదు. 2012లో ప్రభుత్వం ప్రకటించిన ఉద్దీపన ప్యాకేజీ 30,231 కోట్ల రూపాయలు. 2021లో అమ్మేనాటికి అప్పు 61,562 కోట్లు. అందులో 15,300 కోట్లు టాటాలు తలకెత్తుకున్నారు, మిగిలిన 46,262 కోట్లు ప్రభుత్వపు వేరే కంపెనీకి, అంటే మళ్లీ మనకే, బదలాయించారు. ఇదంతా విలీనం చేసిన అప్పేనంటే అబద్ధమవుతుంది. విమానాల రుణాలున్నాయి, 2008 నాటి ఇంధనం ధరలున్నాయి, గల్ఫ్ సంస్థల పోటీ ఉంది. అయితే ఈ దెబ్బలన్నీ తగిలేవేళకు సంస్థ తనలో తాను తగవులాడుకుంటూ ఉంది. అమ్మేసిన రోజు ‘మహారాజా పుట్టింటికి చేరాడు’ అని కళ్లు తుడుచుకున్నాం. 46 వేల కోట్లు లోపలి పేజీలో వచ్చింది.

ఇప్పుడు సొంతదారులం కాం, ప్రయాణికులం మాత్రమే. అయినా అలవాటు పోలేదు. 2024 ఏప్రిల్‌లో కొత్త వేతన ఒప్పందం నచ్చక, ఎయిరిండియాలో కలవబోతున్న విస్తారా సంస్థ పైలట్లు సెలవులు పెట్టడంతో విమానాలు రద్దయ్యాయి. మేలో ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ క్యాబిన్ సిబ్బంది వందల్లో ఒకేసారి అనారోగ్య సెలవు పెట్టారు. అక్కడా అప్పుడు ఏఐఎక్స్ కనెక్ట్ అనే సంస్థతో విలీనం నడుస్తూ ఉండింది. మేం రద్దయిన విమానాలు లెక్కపెట్టాం. నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసింది. ఈసారి కొంత ముందుచూపు కనబడింది. పాత విస్తారా సర్వీసులను గుర్తుపట్టేందుకు నంబరు ముందు 2 చేర్చి ఏఐ కోడ్‌తో నడిపారు. ఆ వారమంతా మా పత్రికల్లో వచ్చింది విస్తారా ఊదారంగు యూనిఫాం, అందులో పెట్టిన భోజనం, చివరి ప్రయాణంలో దిగిన సెల్ఫీలు. రెండు సంస్థల పైలట్ల జాబితాను ఏ ప్రాతిపదికన కలిపారని అడిగిన తెలుగు వార్త ఒక్కటీ నా కంటబడలేదు. నేనూ రాయలేదు.