పరాయి దేశంలో ఎక్కడ దిగుదాం?

విమానం టిక్కెట్టు ఎంత చవగ్గా దొరికిందో చెప్పుకోవడం మనకు సరదా. ఎక్కడ దిగామో చెప్పుకోవడానికి మాత్రం కాస్త మొహమాటం. ఖరీదైన చోట దిగితే డబ్బు ఎక్కువైందంటారు. చవక చోట దిగితే పీనాసి అంటారు. మనవాళ్లు ఆ ఊళ్లో ఉండగా హోటల్లో దిగామా, ఇక చెప్పనే అక్కర్లేదు. ఆ మొహమాటాన్ని కాసేపు పక్కన పెట్టి, బస ఎలా చూసుకోవాలో ఈసారి మాట్లాడుకుందాం. నేను చూసి వచ్చిన ఊరు, మన పిల్లలు చాలామంది ఉద్యోగాలు చేస్తున్న ఊరు సింగపూరు కాబట్టి ఉదాహరణలు అక్కడివే ఇస్తాను.

కిందటి వేసవిలో మా ఆడపడుచు, ఆవిడ భర్త కొడుకును చూడడానికి బయలుదేరారు. పిల్లవాడు సెంకాంగ్‌లో ఇద్దరు స్నేహితులతో కలిసి అద్దె ఫ్లాట్‌లో ఉంటున్నాడు. వాడి వాటాకు ఒక్క గది. "మీరు గదిలో పడుకోండి, నేను హాల్లో సర్దుకుంటాను" అన్నాడు. స్నేహితుల్లో ఒకడిది రాత్రి డ్యూటీ, పగలు పడుకోవాలి. మా వదిన తెల్లవారుజామున నాలుగింటికి లేచి తలకు పోసుకుని దీపం పెట్టుకునే మనిషి. అన్నయ్యగారికి మోకాళ్ల నొప్పులు. ఇన్ని ఉన్నా వదిన బెంగ మాత్రం ఒక్కటే. "కన్నకొడుకు ఉండగా హోటల్లో దిగితే నలుగురూ ఏమంటారే?"

"వాళ్లిద్దరు పిల్లలూ ఎనిమిది రాత్రులు మీకోసం ముడుచుకుని ఉంటే మీకు నిద్ర పడుతుందా వదినా?" అన్నాను. వాడి ఇంటికి రైలు మారకుండా వెళ్లగలిగే చోట గది చూశాం. సెంకాంగ్ వెళ్లే లైన్లోనే ఫేరర్ పార్క్ స్టేషన్ ఉంది. దాని దగ్గరే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ కోవెల. వదినకు పొద్దున దర్శనం, అన్నయ్యగారికి దగ్గర్లోనే ఇడ్లీ, కాఫీ. సాయంత్రం ఆఫీసు నుంచి కొడుకు నేరుగా వచ్చేవాడు. శనివారం వీళ్లే ఫ్లాట్‌కు వెళ్లి ముగ్గురు కుర్రాళ్లకూ పప్పు, చారు వండి పెట్టారు. ఆ పిల్లలు ఇప్పటికీ వదినను "అమ్మా" అని ఫోనులో పలకరిస్తుంటారట.

నేను చెప్పదలచింది ఇదే. బస వెదికే ముందు కాగితం మీద రాయవలసింది డబ్బు కాదు, మనుషుల్ని. ఎవరెవరు వెళుతున్నారు, ఎవరు మెట్లెక్కలేరు, ఎవరు ఎన్నింటికి లేస్తారు, ఎవరికి బయటి తిండి పడదు. ఇవి రాసుకున్నాక చేతిలో ఉన్న సొమ్ము రాయండి. అప్పుడు చోటు తనంతట తనే తేలుతుంది.

సొమ్ము తక్కువైతే హాస్టళ్లున్నాయి. అక్కడ గది కాదు, మంచం అద్దెకిస్తారు. ఒకే గదిలో కింద ఒకటి, పైన ఒకటిగా మంచాలు, అందరికీ కలిపి స్నానాల గదులు, సామానుకు తాళం వేసుకునే అర. ఆడపిల్లలకు విడిగా గదులున్న హాస్టళ్లూ దొరుకుతాయి. పాతికేళ్ల పిల్లలకు ఇది చాలు. అరవై దాటినవారికి పై మంచం వద్దు.

మధ్య తరగతి వారికి లిటిల్ ఇండియా చుట్టుపక్కల చిన్న హోటళ్లు అనువు. శాకాహారం దొరకదన్న దిగులుండదు. 1947 నుంచి నడుస్తున్న కోమల విలాస్ ఆ సెరంగూన్ రోడ్డులోనే ఉంది. ఆదివారం సాయంత్రాలు మాత్రం సెలవు దొరికిన కార్మికులతో ఆ వీధులు కిటకిటలాడతాయి. గది తీసుకునే ముందు మూడు ప్రశ్నలు అడగండి. లిఫ్ట్ ఉందా? కిటికీ ఉందా? గదిలో ఎంతమందికి అనుమతి? పాత అంగడి ఇళ్లను హోటళ్లుగా మార్చినవాటిలో లిఫ్ట్ లేనివి ఉంటాయి. చవక గదుల్లో కొన్నింటికి కిటికీ ఉండదు. గేలాంగ్‌లోనూ గదులు చవకే. కాని అక్కడి కొన్ని సందులు కుటుంబంతో దిగదగ్గవి కావు.

ఇంకాస్త ఖర్చు పెట్టగలిగి, పసిపిల్లలో పథ్యం తినే పెద్దలో ఉంటే వంటగది ఉన్న సర్వీస్ అపార్ట్‌మెంట్ మేలు. వీటిని సాధారణంగా కనీసం ఏడు రోజులకు తీసుకోవాలి. వారం రోజులకు ఎవరిదో ఫ్లాట్ చవగ్గా ఇస్తామని ఇంటర్నెట్‌లో కనిపిస్తే మాత్రం జోలికి పోకండి. అక్కడి చట్టం ప్రకారం ప్రైవేటు ఇళ్లను 3 నెలలకు, ప్రభుత్వ గృహ మండలి ఫ్లాట్లను 6 నెలలకు తగ్గి అద్దెకివ్వకూడదు. ఇరుగుపొరుగు ఫిర్యాదు చేస్తే పెట్టెలతో వీధిలో నిలబడేది మనమే.

పెద్ద హోటలైనా చిన్నదైనా ధర పక్కన రెండు కూడిక గుర్తులు కనిపిస్తే ఆగి లెక్క వేయండి. ఒకటి 10 శాతం సేవా రుసుము, రెండోది 9 శాతం పన్ను. పన్ను రుసుము మీద కూడా పడుతుంది. 100 డాలర్ల గది 110 అయి, చివరికి 119 డాలర్ల 90 సెంట్లవుతుంది. ఊరికి దూరంగా చవక గది తీసుకుంటే రోజూ నలుగురి రైలు ఛార్జీలూ, అలసిన రాత్రి పట్టే టాక్సీ కూడా ఆ లెక్కలో చేరాలి.

వీసా చేతికి రాకముందు బుక్ చేస్తే, రద్దు చేసినా డబ్బు తిరిగిచ్చే గదినే ఎంచుకోండి. రాత్రి విమానమెక్కితే తెల్లవారేసరికి దిగుతాం. గది ఇచ్చేది సాధారణంగా మధ్యాహ్నం రెండు, మూడింటికి. అంతవరకు సామాను దాచిపెడతారా అని ముందే అడగండి. దిగడానికి 3 రోజుల ముందు నుంచి నింపవలసిన రాక పత్రంలో బస చిరునామా అడుగుతారు, రాసి ఉంచుకోండి. అది ఉచితం, ఎవరికీ డబ్బు కట్టకండి.

యానాం సభ్యులకు ఒక మాట. ఫ్రాన్సులో బంధువుల ఇంట్లో దిగుతామని వీసాకు రాస్తే, ఆ బంధువు తమ ఊరి పురపాలక కార్యాలయం నుంచి ఆతిథ్య పత్రం తెచ్చి పంపాలి. అతిథులకు సరిపడా చోటు ఇంట్లో ఉందా అని అక్కడ చూస్తారు. మనం మొహమాటపడి అడగని ప్రశ్నను ఆ సర్కారు అడుగుతుందన్నమాట!

కాబట్టి ఈసారి పిల్లలకు ఫోను చేసినప్పుడు "మీ ఇంట్లో దిగుతాం" అనే ముందు "మీకు ఎలా వీలు?" అని అడిగి చూడండి. వాళ్లు రమ్మంటే సంతోషంగా వెళ్లండి. తటపటాయిస్తే నొచ్చుకోకండి. దగ్గర్లో ఒక గది చూడమని చెప్పండి. ఆ పని వాళ్లే శ్రద్ధగా చేస్తారు.