ప్రార్థన సరే, మెట్ల పక్కన ర్యాంపు ఏది?

పోస్టు జర పెద్దదే, ఓపికతో చదవండి.

మా తండా కోరుట్ల దగ్గర. చిన్నప్పటి నుంచి నా కాళ్లు పనిచేయవు, చేతికర్రలతో నడుస్త. చర్చిల నా తల మీద చేతులు పెట్టి ఎన్నో ఆదివారాలు స్వస్థత కోసం ప్రార్థన చేసిండ్రు. కాళ్లు రాలేదు. "విశ్వాసం తక్కువైంది బిడ్డా" అన్నరు. ఆ మాట కర్రల కన్నా బరువైంది.

అదే సంఘంల ఒక ఆటో అన్న ఉన్నడు. పైసా తీసుకోకుండా జగిత్యాల సదరం క్యాంపుకు రెండుసార్లు తీసుకపోయిండు. కనీసం 40 శాతం ఉంటేనే పింఛను. ఆ సర్టిఫికెట్‌తోనే నాకిప్పుడు నెలకు 4,016 రూపాయలు వస్తున్నయి. ఆ పైసలతోనే సిరిసిల్లల రూం కిరాయి కట్టి డిగ్రీ చదువుతున్న. నా వరకు ఆ ఆటోనే అసలు ప్రార్థన.

మార్కు సువార్తల నలుగురు మనుషులు పక్షవాతం వచ్చినాయనను మోసుకొచ్చి, లోపలికి దారి లేకపోతే ఇంటి కప్పే విప్పిండ్రు. మనం మూడు మెట్ల పక్కన ర్యాంపు కట్టలేమా? 2016 వికలాంగుల హక్కుల చట్టం మత కార్యక్రమాలు జరిగే భవనాలను కూడా ప్రజా భవనాలుగానే లెక్కిస్తది. అంటే ఇది దయ కాదు, హక్కు.

చర్చికే కాదు, మనకూ ఇదే మాట. మొన్న ఒక విద్యార్థుల మీటింగు రెండో అంతస్తుల పెట్టిండ్రు. నేను కిందనే కూర్చున్న.

మీ ఊర్ల నాలాంటోళ్లు ఉంటే జాలి పడకండి. క్యాంపుకు తోడు పోండి. మీటింగు కింద పెట్టండి. మిగతాది మేం చూసుకుంటం.