లీవరు గెడ్డ ఎరిగిన చేతికివ్వాలి

అనంతగిరి, డుంబ్రిగుడ కొండల్లో వరి మడికి నీళ్లు గెడ్డ అనే కొండవాగు నుంచి వస్తాయి. గెడ్డకు అడ్డంగా రాళ్లు పేర్చి, సందుల్లో మట్టీ కొమ్మలూ దట్టించి, నీటిని ఓ పక్కకు మళ్లిస్తారు. అక్కణ్నుంచి కొండవాలు వెంట సన్నటి కాలువలో మడిదాకా తెచ్చుకుంటారు. మోటారు లేదు, కరెంటు లేదు, పల్లమే ఆధారం. ఆ పల్లం లెక్క ఎంత సున్నితమంటే, గెడ్డ అడుగు మూరెడు కిందికి దిగినా కాలువ నోరు పైన ఎండిపోయి ఉంటుంది. నీళ్లు కళ్లెదుటే పారుతుంటాయి, మడికి మాత్రం ఎక్కవు.

పూడిక తీయడానికి మైదానం నుంచి వచ్చే యంత్రంతో ఉన్న ప్రమాదం ఇదే. శృంగవరపుకోట దాటి, ఘాట్ రోడ్డెక్కి లోబెడ్ లారీ మీద వచ్చిన పొక్లెయిన్ యజమానికి బాడుగ గంటల లెక్కన. గుత్తేదారుకు బిల్లు తీసిన మట్టి లెక్కన. ఆపరేటర్‌కు ఆ గెడ్డ కొత్త, రేపు ఇంకో ఊరు. ముగ్గురిలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం అక్కర్లేదు. ఎంత లోతు తవ్వితే అంత మంచి పని చేశామని నమ్మితే చాలు, నష్టం జరిగిపోతుంది. మైదానంలో ఆ నమ్మకం సబబే. 2015లో ఆంధ్రప్రదేశ్‌లో నీరు-చెట్టు, తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో యంత్రాలు దించి పూడిక తీయించారు, ఆ ఒండ్రును పొలాలకు తోలుకోమన్నారు. చెరువు నీటిని నిలబెట్టుకోవాలి కనుక దానికి లోతు కావాలి. గెడ్డకు కావలసింది మట్టం.

నేను యంత్రానికి వ్యతిరేకిని కాను. ఈ కొండల స్వభావం తెలిసినవారెవరూ కాలేరు. తూర్పు కనుమల్లో ఈ భాగంలో విస్తారంగా కనిపించే రాతికి టి.ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1902లో ఖోండలైట్ అని పేరు పెట్టారు. ఇక్కడి ఖోండు గిరిజనుల పేరు మీదుగానే పెట్టారు. వానకూ ఎండకూ ఆ రాయి చివికి ఎర్రమన్నవుతుంది, బాగా నీళ్లు తాగితే జారుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మన్యం రోడ్లు, వాగులు ఎలా అయ్యాయో చూశాం. 2024 సెప్టెంబరు వానలకు గూడెం కొత్తవీధి మండలంలో కొండచరియలు ఇళ్ల మీదికే వచ్చాయి. అంత మట్టీ బండలూ కాలువలో పడ్డాక గునపం, పార, తట్టలతో నెలల తరబడి పాటుపడమని గిరిజనులకు చెప్పడం అన్యాయం. ఏనుగంత బండను కదిలించడానికి యంత్రమే కావాలి. ఆ బండల్లో దేన్ని కదిలించాలో, దేన్ని ముట్టకూడదో తెలిసిన మనిషి కూడా కావాలి. గెడ్డలోని పెద్ద రాళ్లు కొన్ని నీటి దూకుడును విరుస్తాయి. వాటిని పెకలించి పక్కకు తోసేస్తే తర్వాతి వానకు అడుగు తనంతట తానే కోసుకుపోతుంది. ఆ కోత ఎగువకు పాకుతూ పైఊరి కాలువ నోటిదాకా వెళ్తుంది.

మంచి ఆపరేటర్ పని చూసినవారికి తెలుస్తుంది, అది ఎంత చెయ్యి తిరిగిన విద్యో. బకెట్ పళ్లకు తగిలింది ఇసుకా, గులకా, మాతృశిలా అన్నది ఇంజను మోతలో మార్పును బట్టే పట్టేస్తాడు. చైన్ మిషన్‌ను గెడ్డలోకి దించి అడుగంతా తొక్కించడు. గట్టున నిలబెట్టి, బూమ్ చాచి పని కానిస్తాడు. గట్టును పట్టి ఉంచే మద్ది వేర్లు, నేరేడు వేర్లు తెగకుండా చూస్తాడు. తీసిన మట్టిని గట్టు మీదే కుప్ప పోయడు. పోస్తే మొదటి వానకే అది మళ్లీ గెడ్డలో ఉంటుంది. ఇంత తెలిసిన మనిషిని మనం యంత్రంతో పాటు గంటల లెక్కన బాడుగకు వచ్చే డ్రైవర్‌గా చూస్తున్నాం. నిదానంగా, జాగ్రత్తగా చేసినందుకు అతనికి దక్కేదేమీ లేదు. పైగా గంట మీటరు తిరుగుతోందని వెనక నుంచి కేకలు.

ఈ కొండల్లోనే ఇంకో రకం కాలువలున్నాయి. మాచ్‌ఖండ్‌లో 1955 నుంచి కరెంటు పుడుతోంది, స్థాపిత సామర్థ్యం 120 మెగావాట్లు. దొంకరాయి నుంచి కొండల వెంట సాగే పవర్ కెనాల్ నీటితో దిగువ సీలేరులో, పొల్లూరు దగ్గర, 460 మెగావాట్ల కేంద్రం నడుస్తుంది. ఇవీ వాలు వెంట పోయే కాలువలే. కానీ వీటికి గండి పడితే టర్బయిన్లు ఆగుతాయి. అందుకని వీటికి ఇంజనీర్లున్నారు, నిర్వహణ పద్దుంది. గిరిజనుడి మడి కాలువకు గండి పడితే ఆ ఇంట్లో ఓ పంట పోతుంది. ఆ నష్టం ఏ మెగావాట్ల లెక్కలోకీ రాదు. కొత్త చెక్‌డ్యామ్ కట్టడానికి నిధులు వస్తాయి, శిలాఫలకం వేస్తారు. కట్టిన పదేళ్లకు దాని కాలువ బాగు చేయడానికి ఎవరి దగ్గరా పద్దు ఉండదు.

పూడిన చెక్‌డ్యామ్‌లన్నీ ఖాళీ చేయాలనీ నేను అనను. కొన్నిచోట్ల ఆ ఒండ్రు మట్టే మంచి వరి నేల అవుతుంది. సరిహద్దు అవతల కొరాపుట్‌లో వాగు లోయల్ని మెట్లుమెట్లుగా మలిచిన ఇలాంటి మడుల్ని ఝోలా భూములంటారు. కొరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ వారసత్వ వ్యవసాయ విధానాల్లో చేర్చింది. ఏ మేట పూడిక, ఏ మేట పొలం అన్నది అంచనా కాగితం చెప్పదు, ఊరు చెబుతుంది.

ఊరికి ఆ మాట చెప్పే హక్కు చట్టంలోనే ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకే అప్పగించాలని 1996 నాటి పెసా (షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల విస్తరణ) చట్టం నాలుగో సెక్షన్ చెబుతోంది. మన రాష్ట్రంలో నిబంధనలు 2011లో వచ్చాయి. కాబట్టి బకెట్ ఎక్కడ దిగాలో గ్రామసభ నిర్ణయించడం ఎవరి దయో కాదు. నిర్ణయించే తెలివిడి లేదనేవారు ఒక్కసారి మన్యం వార్తలు తిరగేయాలి. రోడ్డు లేక రోగుల్ని డోలీల్లో మోయలేక ఇంటింటా చందాలు వేసుకుని, జేసీబీ బాడుగకు తెచ్చి, తమ రోడ్డు తామే వేసుకున్న గూడేలు కనిపిస్తాయి. సొంత డబ్బుతో తెచ్చుకున్న యంత్రాన్ని ప్రతి గంటా ఎలా వాడుకోవాలో వాళ్లకు ఎవరూ నేర్పలేదు.

యంత్రం వస్తే కూలి పోతుందన్న అభ్యంతరం బలమైనదే. 2005 నాటి ఉపాధి హామీ చట్టం గుత్తేదారులను వద్దన్నది, కూలీల పని లాక్కునే యంత్రాలను వీలైనంతవరకు వాడొద్దన్నది ఊరికే కాదు. ఆ హద్దును గౌరవించాలి. కాలువలో మెత్తటి మట్టి, కలుపు తీయడం, గట్టు మెత్తడం, నోటి దగ్గర రాళ్లు పేర్చడం చేతి పనులుగానే ఉండాలి, కూలి గిరిజనుడికే అందాలి. చరియలు, బండలు, కొట్టుకొచ్చిన మానులు యంత్రానికి వదలాలి.

అందుకని నేను అడిగేది చిన్నదే. మన్యంలో మండలానికి ఐదు టన్నుల లోపు ఎక్స్‌కవేటర్ ఒకటి ఇవ్వండి. ఇరుకు బాటల్లో, మడి గట్ల మధ్య ఇరవై టన్నుల చైన్ మిషన్‌కు పని లేదు. దాన్ని నడపడానికి అక్కడి గిరిజన యువకులిద్దరికి నెల జీతం మీద ఉద్యోగం ఇవ్వండి. లీవర్లు, హైడ్రాలిక్స్, వాలు మీద బోల్తా పడకుండా నిలపడం కొన్ని నెలల శిక్షణలో వస్తాయి. గెడ్డ ఏ నెలలో ఎటు ఒరుసుకుంటుందో, ఏ ఊట ఎక్కడ పుడుతుందో మాత్రం ఏ శిక్షణ కేంద్రమూ నేర్పలేదు. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లలో పశువుల్ని కడిగినవాడు దాన్ని వెంట తెచ్చుకుంటాడు.

దీనివల్ల బాగుపడేది కొండ మాత్రమే కాదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల పక్క నుంచి దిగే గోస్తనీ తాటిపూడి జలాశయం నింపి విశాఖ గొంతు తడుపుతోంది. పైన అడ్డదిడ్డంగా తవ్విన గట్ల మట్టి చివరికి చేరేది ఆ జలాశయం అడుగుకే. ఆ నీళ్లు తాగే నగరం పైన గెడ్డ బాగోగులకు కొంత ఖర్చు భరించాలని అడగడంలో తప్పు లేదు.

కోతలయ్యాక, జనవరి నుంచి మే వరకు గెడ్డలు సన్నబడినప్పుడు పని మొదలుపెట్టవచ్చు. యంత్రం రాకముందే ఆపరేటర్ రైతులతో కలిసి గెడ్డ పొడవునా నడవాలి. ప్రతి కాలువ నోటి దగ్గర కదలని బండ మీద ఉలితో మట్టం గీత కొట్టించాలి, ఆ గీతలు గ్రామసభ పుస్తకానికి ఎక్కాలి. బిల్లు తీసిన మట్టి లెక్కన కాకుండా, మడికి నీరెక్కిందని గ్రామసభ చెప్పాకే చెల్లించాలి. వానాకాలంలో చరియ విరిగిపడిన రాత్రి కబురు ఘాట్ దిగి శృంగవరపుకోట దాకా వెళ్లనక్కర్లేదు. యంత్రం మండలంలోనే ఉంటుంది, నడిపేవాడు పక్క గూడెంలోనే ఉంటాడు.